డిస్కు వేస్తే కంప్యూటర్ కాపలాదారు అడ్డుపడుతున్నాడా?

కాజీపేట నుంచి ఒక సోదరి రాశారు. ఇంట్లోనే జాకెట్లు కుడతారట. ఈమధ్యనే ఎవరో వాడిన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటి కొన్నారు. దాంతోపాటు ఇచ్చిన డిస్కును కంప్యూటర్లో వేస్తే సగందాకా వచ్చి, హెచ్చరిక ఒకటి పడి ఆగిపోతోందట. హనుమకొండలో ఒక షాపులో అడిగితే "యాంటీ వైరస్ తీసెయ్యండమ్మా, అయిపోతది" అన్నారట. పెళ్ళిళ్ళ సీజను దగ్గరపడింది, ఆర్డర్లు ఒప్పుకున్నాను, బ్యాంకు పనులు కూడా అదే కంప్యూటర్లో చేస్తాం, తీసెయ్యమంటారా అని అడిగారు.

తీసెయ్యకండమ్మా. ముందు అది ఎందుకు అడ్డుపడుతోందో చూడండి.

స్పైవేర్ అంటే మనకు తెలియకుండా కంప్యూటర్లో దూరి, మనం కొట్టే పాస్‌వర్డులు, చూసే పేజీలు బయటివాళ్ళకు చేరవేసే ప్రోగ్రాము. దాన్ని పట్టేది యాంటీ స్పైవేర్. మీరు విడిగా కొనకపోయినా అది మీ ఇంట్లో ఉండే ఉంటుంది. 2007లో విండోస్ విస్టాతోపాటే డిఫెండర్ వచ్చింది, 2012లో విండోస్ 8 నాటికి అదే పూర్తి యాంటీ వైరస్ అయింది.

ఇక గొడవ ఎక్కడంటే, మంచి డిస్కయినా చెడ్డ డిస్కయినా చేసే పనులు ఒకేలా ఉంటాయి. విండోస్ లోపలి ఫోల్డర్లలో ఫైళ్ళు పెడుతుంది, కంప్యూటర్ ఆన్ చేయగానే తనూ లేచేలా ఏర్పాటు చేసుకుంటుంది, మిషన్‌తో మాట్లాడటానికి డ్రైవర్ వేస్తుంది. దొంగ ప్రోగ్రాము చేసేదీ ఇదే. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ల సంగతి మరీను. మనం నొక్కే ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుంటేనే గదా దాన్ని తెలుగు అక్షరంగా మార్చేది! మీటలు కనిపెట్టి పాస్‌వర్డు దొంగిలించేదీ అదే పద్ధతి. కాపలాదారుకు అనుమానం రావడంలో తప్పేముంది?

అలాగని కాపలాదారు ఎప్పుడూ కరెక్టే అనుకోకండి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీ వైరస్ తన కొత్త అప్‌డేట్‌తో విండోస్ ఎక్స్‌పీలోని అసలు ఫైలునే వైరస్ అనుకుంది. దేశదేశాల్లో కంప్యూటర్లు ఆగిపోయి, మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి.

కంపెనీ డిస్కయితే భయం లేదనుకుంటే అదీ పొరపాటే. 2005లో సోనీ బీఎంజీ అమెరికాలో అమ్మిన కొన్ని పాటల సీడీల్లో, కాపీ కొట్టకుండా ఆపేందుకు ఒక ప్రోగ్రాము పెట్టింది. సీడీని కంప్యూటర్లో వేసి పాటలు విందామంటే అది కూడా లోపలికి చేరి, ఎవరికీ కనబడకుండా దాక్కునేది. ఆ ఏడాది అక్టోబర్ 31న మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు దాన్ని బయటపెట్టాడు. దాని చాటున వేరే వైరస్‌లు కూడా దాక్కోవచ్చని తేలింది. మైక్రోసాఫ్ట్ తన యాంటీ స్పైవేర్‌తోనే దాన్ని తీయించింది, కంపెనీ ఆ సీడీలను వెనక్కి తీసుకుంది. డబ్బులిచ్చి కొన్న పాటల సీడీ సంగతే అట్లా ఉంటే, చేతిరాతతో పేరు రాసిచ్చే డిస్కు సంగతి చెప్పాలా?

అందుకే మొదట ఆ డిస్కును తిప్పి చూడండి. కంపెనీ అచ్చువేసిన పేరు, సీరియల్ నంబరు ఉన్నాయా? లేక ఖాళీ డిస్కు మీద స్కెచ్ పెన్నుతో రాశారా? ఎంబ్రాయిడరీ డిజైన్ల సాఫ్ట్‌వేర్ ఖరీదు ఎక్కువ, కొన్నింటికి యూఎస్‌బీలో పెట్టే తాళంచెవి లాంటి డాంగిల్ కూడా ఇస్తారు. ఆ తాళం లేకుండా నడిచేలా చేసిన దొంగ కాపీలనే "క్రాక్" అంటారు. మీ హెచ్చరికలో క్రాక్ అనో, కీజెన్ అనో, ట్రోజన్ అనో ఉంటే ఇంక ఆలోచన వద్దు, డిస్కు తీసి పక్కన పడేయండి. అమ్మినవాళ్ళను అసలు డిస్కు, డాంగిల్ అడగండి. ఇవ్వకపోతే బేరంలో ఆ మేరకు డబ్బు తగ్గించమనండి.

హెచ్చరిక కనబడగానే మూసేస్తారు చాలామంది. దాని పేరు కాగితం మీద రాసుకోండి. మూసేసినా ఫర్వాలేదు, విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ అని ఉంటుంది, అందులో దొరుకుతుంది.

డిస్కు అసలుదే అయితే ముందు కాపలాదారును అప్‌డేట్ చెయ్యండి. మై కంప్యూటర్‌లో (ఇప్పుడు దిస్ పీసీ అంటున్నారు) డిస్కు మీద కుడివైపు మీట నొక్కి స్కాన్ చెయ్యండి. రెండు యాంటీ వైరస్‌లు ఉంటే ఒకటి తీసెయ్యండి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ను నీరసింపజేస్తాయి.

కొన్నిసార్లు కాపలాదారు తప్పే ఉండదు, డిస్కు ముసలిదై ఉంటుంది. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. పాత 32 బిట్ డ్రైవర్ ఉన్న డిస్కు అందులో ఎన్నిసార్లు వేసినా ఎక్కదు. మిషన్ మీదా, ప్రింటర్ మీదా ఉన్న మోడల్ నంబరు చూసి, కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే కొత్త డ్రైవర్ దింపుకోండి. ఆ పేరుతో వెదికితే ముందు వచ్చే ప్రకటనల్లో ఏదో ఒకటి నొక్కొద్దు. డ్రైవర్ల పేరుతో చెత్త అంటగట్టే సైట్లు కోకొల్లలు.

ఇవన్నీ చేశాక, స్కాన్‌లో ఏమీ లేదని తేలాక కూడా ఆగిపోతుంటేనే ఆ షాపాయన మాట. అదీ ఇలా: ఇంటర్నెట్ వైరు పీకండి, లేదా వైఫై ఆపండి. రియల్ టైం ప్రొటెక్షన్ ఆపి, డిస్కు ఎక్కించి, వెంటనే మళ్ళీ ఆన్ చెయ్యండి. డిఫెండర్ అయితే కాసేపటికి తనే లేస్తుంది గానీ, వేరే కంపెనీవి అన్నీ అలా లేవవు. ఆన్ అయిందని కళ్ళతో చూసి, ఫుల్ స్కాన్ పెట్టాకనే నెట్ కలపండి.

ఇప్పటికే కాపలా తీసేసి ఏదో డిస్కు ఎక్కించేసినవాళ్ళు ఆ కంప్యూటర్లో బ్యాంకు తెరవకండి. నెట్ తీసేసి, వేరే ఫోన్‌లో పాస్‌వర్డులు మార్చండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే బ్యాంకుకు చెప్పి, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఆ నంబరే. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలివాళ్ళ ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా వివరాలు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పొద్దు.