అక్షర రక్షణ – విద్యార్థుల కర్తవ్యం

భాష నిలవాలంటే గ్రంథాలుంటే చాలదు. వాటిలోని అక్షరాలు యంత్రాలలోనూ చెక్కుచెదరక నిలవాలి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపికి వేర్వేరు స్థానాలు కేటాయించింది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఉర్దూ అక్షరానికి 2, ఆంగ్లాక్షరానికి 1 అవసరం. అక్షరమంటే ఒక బైటేనని తలచి వ్రాసిన ప్రోగ్రాము ఆంగ్లానికి సరిపోతుంది. మన రెండు భాషలనూ ఛిద్రం చేస్తుంది.

ప్రోగ్రాముల మార్పులను భద్రపరచే గిట్ సాఫ్ట్‌వేరునే చూడండి. యూటీఎఫ్-16లోని ఫైలును అది సాధారణంగా పాఠమని గుర్తించదు. ఏ పంక్తి మారిందో చూపదు. 2018లో వచ్చిన 2.18 వెర్షన్ ఇందుకు ఉపాయం కల్పించింది. ఫైలు సంకేతపద్ధతిని మనం తెలిపితే, యూటీఎఫ్-8లోకి మార్చి దాచి, తిరిగి పూర్వరూపంలో ఇస్తుంది. ఇట్టి కోడును పరిశీలించేవారు ముఖ్యంగా అడుగవలసినది: వెళ్ళిన బైట్లే తిరిగి వచ్చాయా?

అదే 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’గా కనిపించే ఒక సంకేతాల వరుస ఐఫోన్లలోని అనువర్తనాలను స్తంభింపజేసింది. దోషం అక్షరానిది కాదు, దానిని అమర్చే ప్రోగ్రాముది.

ఇట్టి పరీక్షలకు తెలుగు, ఉర్దూ రెండూ నేర్చిన విద్యార్థులకంటె అర్హులెవరు? గిట్ కోడు అందరికీ బహిరంగమే. బాటసింగారంలో కూర్చుండి కూడా పరిశీలించవచ్చు. కళాశాల కమిటీవారికి ఒక విన్నపం: ఈ వార్షిక సంచిక ప్రతులను రెండు భాషలలోనూ యూటీఎఫ్-8లోనే భద్రపరచాలి. ఒక ప్రత్యేక ఫాంటుకు కట్టుబడిన రచన ఆ ఫాంటుతోనే మూగబోతుంది.