మా తాత తెల్లకాగితం, మన పీడీఎఫ్ రసీదు

మొన్న ఊరెళ్ళినప్పుడు (దేవరకొండ పక్కన మాది) నాన్న ఇనప్పెట్టెలోంచి మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం ఒకటి తీసి చూపించాడు. తాత కొన్న రెండెకరాల చెలక తాలూకు రాత. పైకం ముట్టినట్టు నాలుగు వాక్యాలు, అమ్మినాయన వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. అంతే. దీన్నే సాదాబైనామా అంటారు. ఇప్పుడేమో అమ్మినాయన మనవళ్ళొచ్చి "పట్టా మా తాత పేర్న ఉంది, భూమి మాదే" అని లొల్లి పెడుతున్నారు.

ఆఫీసులో ఈ సంగతి చెబితే పక్క సీటు మిత్రుడు నవ్వాడు. "చదువు లేనోళ్ళు గదా, వేలిముద్రలెక్కడ చెల్తయి" అని. ఇదే మిత్రుడు పోయినేడాది పాత పాలమూరు జిల్లా షాద్‌నగర్ వైపు ఒక ప్రీలాంచ్ వెంచర్లో ప్లాటుకి 18 లక్షలు కట్టాడు. చేతిలో ఉన్నదేమిటయ్యా అంటే, ఒక పీడీఎఫ్ రసీదు, 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఎంవోయూ!

ఎవర్ని చూసి ఎవరు నవ్వాలి?

ముందుగా, వేలిముద్ర చెల్లదన్నది శుద్ధ తప్పు. రాయడం రానివాడు పెట్టే గుర్తు కూడా సంతకమే అని 1897 జనరల్ క్లాజెస్ చట్టం చెబుతోంది. ఇక 1872 కాంట్రాక్టు చట్టం పదో సెక్షన్ అడిగేవి: ఇష్టపూర్వకమైన ఒప్పుదల, ఒప్పుకునే అర్హత (మైనరు కాకూడదు, మతి స్థిమితం ఉండాలి), న్యాయమైన ప్రతిఫలం, న్యాయమైన ఉద్దేశం. అందులో సంతకం అన్న మాటే లేదు! ఆ లెక్కన మా తాత ఒప్పందం నిఖార్సైనదే.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? రిజిస్ట్రేషన్ చట్టాల జోలికి తాను పోనని అదే సెక్షన్ చివర ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం రెండూ 100 రూపాయలు, ఆపైన విలువున్న భూమి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే అంటాయి. ఒప్పందం కుదరడం వేరు, హక్కు చేతులు మారడం వేరు. మన భాషలో చెప్పాలంటే కోడ్ కంపైలయింది, ప్రొడక్షన్‌కి మాత్రం పోలేదు. స్టాంపు పేపరు మీద రాసుకుంటే గట్టిదని మరో భ్రమ. స్టాంపంటే సర్కారుకు కట్టే సుంకం, రిజిస్ట్రేషన్ కాదు.

మా తాతకు రిజిస్ట్రారు ఆఫీసు దూరం, ఖర్చు భారం. అయినా చెలకలో నాగలి ఆయనదే నడిచింది. 2020లో సర్కారు పిలిస్తే అలాంటివాళ్ళ దరఖాస్తులు దాదాపు 9 లక్షలొచ్చాయి. 2014 జూన్ 2కి ముందు కొన్న చిన్న, సన్నకారు రైతులకు 2025 భూభారతి చట్టం కొన్ని షరతులతో ఒక దారి చూపింది.

మన పీడీఎఫ్‌కి ఏ దారుంది? దున్నుకోవడానికి చెలక కూడా లేదే! ధరలో 10 శాతం మించి తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చెయ్యాలని 2016 రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. అంత పెద్ద వెంచర్‌కి రెరా నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. ఆ తప్పుకే మనం ప్రీలాంచ్ అని ముద్దుపేరు పెట్టుకున్నాం. కట్టేముందు ఆ నంబరు వెతకడానికి ఐదు నిమిషాలు పట్టదు. బగ్గు దొరికేదాకా రాత్రంతా కూర్చునే మనకి ఆ ఐదు నిమిషాలు దొరకవు.

ఇదంతా మిత్రుడికి చెప్పాను. "అందరూ కడుతున్నారు కదరా" అన్నాడు.

మా తాత కూడా ఆ రోజు అదే అనుకుని ఉంటాడు. కాకపోతే ఆయనకు చదువు రాదు.