సైబీరియా చుట్టాలు

ఈ రోజుల్లో సెలవులకు సింగపూరు వెళ్ళిరావడం, వెనకటివాళ్ళు అన్నవరం వెళ్ళివచ్చినంత మాట అయిపోయింది. మా బావమరిది కుటుంబం కిందటి దసరాకి వెళ్ళారు. అందరూ అక్కడ బజార్లు చూస్తారు గదా, వీళ్ళు పిట్టలను చూసివచ్చారు. ఒకనాడు సుంగై బూలో అనే మడ అడవిలో. మరునాడు పడవ మాట్లాడుకుని జలసంధిలో. పడవలో తల్లికీ పిల్లలకీ ఒకటే వాంతులట. అయితేనేం! గోరింకంత నల్లటి స్టార్మ్ పెట్రెల్ అలలను ఒరుసుకుంటూ పోవడం చూశారు. అలాస్కా ప్రాంతంలో పుట్టే అల్యూషియన్ టెర్న్, నీటిలో తేలే చెక్కముక్క మీద తీరుబడిగా కూర్చుని సాగిపోవడం చూశారు. పెట్టిన డబ్బు దండగ కాలేదనే నా అభిప్రాయం.

సంక్రాంతికి మా ఎస్. రాయవరం వచ్చినప్పుడు కూడా ఆ బైనాక్యులర్లు మెడలోనే ఉన్నాయి. "ఇక్కడేం చూస్తాం బావగారూ, కాకులు తప్ప!" అన్నాడు. 1862లో గురజాడ అప్పారావుగారు పుట్టిన ఊరిని పట్టుకుని అంతమాట అంటే ఊరుకోవడం ఎలా? మర్నాడు తెల్లవారకుండానే అందరినీ ఆటో ఎక్కించి, మా మండలంలోనే ఉన్న రేవుపోలవరం సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయాను.

తడి ఇసుకమీద చిన్న చిన్న పిట్టలు. అల వెనక్కిపోతే దాని వెంట పరుగు. అల వస్తే దానికి ముందు పరుగు. మనవాళ్ళు ఈ జాతులన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలంటారు. వీటిని ఇంగ్లీషులో శాండర్లింగ్ అంటారు. చూడబోతే పిడికెడు ప్రాణం. పుట్టిల్లు మాత్రం ఉత్తరధ్రువపు మంచునేలల దగ్గర. ఇవతల పడవల చుట్టూ తెల్లగా ఎగురుతున్నవేమిటని మా మేనల్లుడు అడిగితే, వల బాగుచేసుకుంటున్న ముసలాయన, "సంద్రపు కాకులు బాబూ! అయి మూగిన కాడ సేపుంటాది" అన్నాడు. కాకులు తప్ప ఏముంటాయన్న పెద్దమనిషి నా వంక చూసి నవ్వాడు. ఈ కాకులు గుడ్లు పెట్టేది లడఖ్‌లోనూ టిబెట్టులోనూ, మిట్టమీది సరస్సుల దగ్గర!

"అయితే మామయ్యా, తేలినీలాపురం సైబీరియా పక్షులు కూడా ఇలా వచ్చినవేనా?" అన్నాడు పిల్లవాడు.

ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం చెట్లమీద చేరే గూడబాతులనూ, రంగుల కొంగలనూ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వాలే నత్తగుల్ల కొంగలనూ అందరూ సైబీరియా పక్షులనే అంటారు. అవి సైబీరియా మొహం ఎరగవు. నిజంగా అక్కడినుంచి వచ్చే పక్షి మన దగ్గర గూడు కట్టదు. అక్కడి వేసవిలో అక్కడే పిల్లలను లేపి, చలికాలం తిండికోసం మాత్రం ఇటు వస్తుంది. తేలినీలాపురంలోనో గూళ్ళు, గుడ్లు, పిల్లలు! పురిటికి వచ్చిన ఆడపిల్లలని ఆ ఊరివాళ్ళు వాటిని కాచుకుంటారు. పత్రికలవాళ్ళకంటే ఆ ఊరి ఆడవాళ్ళే సరిగ్గా చెప్పారు. పుట్టింటికి వచ్చిన పిల్ల అత్తవారిల్లు మరీ అంత దూరాన ఉండదు గదా.

పేరులో ఏముందంటారేమో. ఉంది. మిగతా ఆరునెలలూ అవి సైబీరియాలో ఉంటాయనుకుంటే, ఇక్కడ చెరువు పూడ్చినా మనకు బెంగ ఉండదు. అవి తినేది మన చెరువుల చేపలే. కొల్లేటి ప్రాంతంలో పెద్ద గూడబాతుల స్థావరం ఒకటి ఉండేది. తరువాత మలయాళంలో ఇందుచూడన్ పేరుతో ప్రసిద్ధుడైన నీలకంఠన్ 1946లో చూసి, దానిని గురించి రాశాడు. 1970 దశకంలో పక్షులు దాన్ని వదిలి వెళ్ళిపోయాయి.

మర్నాడు కొండకర్ల ఆవలో తాటిదోనె ఎక్కాం. తామరాకుల సంగతి అటుంచి, గట్టుమీద తోక ఆడిస్తూ తిరిగే జిట్టంగి దగ్గర నేను ఆగిపోయాను. 'ఖంజనాక్షి' అన్న మాట పాఠంలో వచ్చినప్పుడల్లా ఖంజనమంటే ఏమిటండీ అని విద్యార్థులు అడుగుతారు. కాటుకపిట్ట అంటుంది నిఘంటువు. ఆ పిట్ట ఇదే. దీని శకునాలకు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే కేటాయించాడు. ఈ జాతుల్లో ఒకటి ఏడాది పొడుగునా మనతోనే ఉంటుంది. తక్కినవి శరత్తులో ఉత్తరాది కొండల నుంచీ, వాటి ఆవలినుంచీ దిగేవి. ప్రబంధనాయికల కళ్ళు కొంతవరకు దిగుమతి సరుకేనన్నమాట!

రేవులో ఒక్క విషయానికి మాత్రం నాకు మనసు చివుక్కుమంది. ఎవరో పిల్లలు ఉల్లంకి పిట్టల గుంపు మీదికి కుక్కను ఉసికొల్పి, అవి గుప్పున లేస్తుంటే పెద్దవాళ్ళు ఫోనులో బొమ్మలు తీస్తున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది సుమండీ. కాని దూరప్రయాణం చేసే పిట్టకు ఒంట్లో చేరిన కొవ్వే దారిబత్తెం. బయలుదేరేముందు కొన్ని జాతులు తమ బరువును ఇంచుమించు రెట్టింపు చేసుకుంటాయి. 2022లో గాడ్విట్ అనే ఉల్లంకి జాతి పక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో ఎగిరింది. దారిలో నీళ్ళు లేవు, తిండి లేదు. అంతా ఆ మూటలోంచే. కుక్కకు జడిసి లేచిన ప్రతిసారీ ఆ మూటలోంచి కొంత ఖర్చు. బావమరిది కొడుకు వెళ్ళి ఆ పిల్లలతో ఏదో మాట్లాడాడు. కాసేపటికి ఒక పిల్లవాడు బైనాక్యులర్లు పుచ్చుకుని ఇసుకమీద బోర్లా పడుకున్నాడు. కుక్క పక్కనే కూర్చుంది.

చూడదలచినవారు మార్చిలోగా వెళ్ళాలి. పొద్దు పొడిచేసరికి రేవులో ఉండండి. ఎండెక్కితే ఇసుకా పిట్టా ఒకటే రంగు. సముద్రపు కాకి తల ఇప్పుడు తెల్లగా ఉండి, చెవి దగ్గర చిన్న నల్లమచ్చ ఉంటుంది. ఫాల్గుణం వెళ్ళేవేళకు ఆ తలంతా గోధుమరంగు తిరిగిందంటే, ప్రయాణం దగ్గరపడిందని గుర్తు.