ఆచార్యుని వేసవి సెలవులు

“మీకేమండీ, రెండు నెలల సెలవులు!” అని వేసవి రాగానే మా వీధివారు నాతో అనుచుందురు. కళాశాలలో జీవశాస్త్రము బోధించువాని బ్రతుకు వారికి అట్లు కనబడుట సహజమే. కాని జవాబు పత్రములు దిద్దుట ముగియునప్పటికి మే నెల సగము గడచిపోవును. ప్రయోగశాలలో పగిలిన గాజు సామానుల లెక్క, సీసాలలోని నమూనాలకు ఫార్మలిను మార్చుట, రాబోవు సెమిస్టరునకు పాఠములు సిద్ధపరచుకొనుట అను పనులు తక్కిన దినములను మ్రింగివేయును. ఆ పనుల నడుమ కొన్ని రాత్రులు మిగిల్చుకొని నేను సముద్రతీరమునకు పోవుచుందును. నా నిజమైన సెలవులు అవియే. వానివలన నాకు కలిగిన ఒక అభిప్రాయమును పాఠకుల ముందుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రమున కలియు చోటు మా బరంపురమునకు ఎంతో దూరము కాదు. అచ్చటి ఇసుకతిన్నెలపై ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టునని శాస్త్రలోకమునకు తెలిసినది 1994లో. ఆ తీరమున కాపురమున్న మత్స్యకారులకు అది క్రొత్త సంగతి కాదు. వారిలో పెక్కుమంది ఇండ్లలో తెలుగు మాటలాడువారే. 2025 ఫిబ్రవరిలో అచ్చటకు ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చినట్లు లెక్క తేలినది. ఒక్కొక్క తల్లి నూరు, నూటయిరువది గ్రుడ్ల వరకు పెట్టి, గుంట పూడ్చి, మరల కడలిలోనికి పోవును. దాదాపు ఏడు వారములకు, అనగా ఏప్రిల్, మే నెలలలో, పిల్లలు ఇసుకను చీల్చుకొని పైకి వచ్చును.

అట్టి ఒక రాత్రి నా చేతిలోని టార్చిలైటును చూచి ఒక వృద్ధ మత్స్యకారుడు, “దీపం ఆర్పు బాబూ! వెలుతురు ఎటుంటే అటే పోతాయి ఈ పిల్లలు” అని మందలించెను. ఆయన మాట అక్షరాల నిజము. అప్పుడే పుట్టిన పిల్ల వెలుగు ఎక్కువగా కనబడు దిక్కునకు ప్రాకును. చీకటి తీరమున ఆ దిక్కు సముద్రమే. నేడు రహదారి దీపములు, అంగళ్ల దీపములు దానిని నేలవైపు త్రిప్పుచున్నవి. తెల్లవారునప్పటికి అట్టి పిల్లలు కాకులకును కుక్కలకును ఆహారమగుచున్నవి.

ఆ వృద్ధునికి తెలియని సంగతి కూడ ఒకటి కలదు. గ్రుడ్డులోని పిల్ల ఆడుదగునో మగదగునో నిర్ణయించునది ఇసుక వేడిమి. దాదాపు 29 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన వేడిలో ఆడుపిల్లలు, అంతకు తగ్గినచో మగపిల్లలు హెచ్చుగా పుట్టును. పిల్లను చేతబట్టి ఎంత పరికించినను ఈ భేదము పైకి కనబడదు. పరిశోధన చేసిననే తెలియును. కావున కంటితో చూచినవాని జ్ఞానము సగము, ప్రయోగముచే తెలిసిన జ్ఞానము సగము. రెండును కలిసిననే అది జీవశాస్త్రము.

ఇక కళాశాల సంగతి. జూలైలో క్రొత్త సెమిస్టరు ఆరంభమగునప్పటికి తీరము శూన్యము. తల్లులు వచ్చు ఫిబ్రవరి, మార్చి నెలలలో మా పిల్లలు తరగతి గదులలో నుందురు. పిల్లలు పుట్టు మే నెలలో పరీక్షలు వ్రాయుచునో, ఇండ్లకు పోవుచునో యుందురు. మేము తాబేలు పాఠమును సీసాలోని తాబేలును చూపి చెప్పుచున్నాము. ప్రకృతి పంచాంగము వేరు, మా పరీక్షల పంచాంగము వేరు.

గత సంవత్సరము జూలైలో ఒక విద్యార్థిని ఈ పాఠమును పుస్తకములో నున్నది ఉన్నట్లు ఇంగ్లీషులో అప్పగించినది. ఆమెది ఆ తీరముననున్న పల్లెయే అని తెలిసి, “దీనిని గూర్చి మీ ఇంటిలో ఏమనుకొందురు?” అని అడిగితిని. ఆమె తల వంచుకొనినది. తరగతి ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, మా నాన్న ట్రాలరు మీద కూలికి పోతాడు. వేట ఆపిన ఏడు నెలలూ మా ఇంట్లో అప్పుతోనే గడుస్తాయి. ఆ సంగతి పుస్తకంలో లేదు” అనినది.

నవంబరు మొదలు తాబేళ్లు జతకట్టుటకై తీరపు నీళ్లలో చేరును. అవి ఊపిరితిత్తులతో శ్వాసించు ప్రాణులు గనుక ట్రాలు వలలో చిక్కినచో గాలికొరకు పైకి రాలేక చచ్చును. అందుచేతనే ఒడిశా ప్రభుత్వము ఋషికుల్య, దేవి, ధామ్రా నదీముఖముల చెంత నవంబరు 1 నుండి మే 31 వరకు వేటను నిషేధించుచున్నది. ఆ కారణమును నేను ఆమెకు చెప్పగలిగితిని. ఆమె తండ్రి కూలిని గూర్చి చెప్పుటకు నాయొద్ద మాట లేకపోయినది. ఇరువది యేండ్లకు పైగా పాఠము చెప్పియు, ఏ విద్యార్థినీ ఇంటి సంగతి అడుగనైతినే అని ఆనాడు సిగ్గుపడితిని.

నా అభిప్రాయమిది. ప్రతి సెమిస్టరులోను మొదటి వారము పాఠ్యపుస్తకమును మూసియుంచవలెను. ప్రతి విద్యార్థియు సెలవులలో తన ఊరి చెట్టునో, చేపనో, పురుగునో ఒకదానిని కొన్ని దినములు పరికించి, ఇంటిలో దానికి గల పేరును, దానిని గూర్చి పెద్దలు చెప్పు సంగతులను వ్రాసి తేవలెను. అది తెలుగైనను సరే, ఒడియా యైనను సరే. ఆ వ్రాతపైననే తరగతిలో విచారణ జరుగవలెను. మార్చిలో ఒక రాత్రి, ఏప్రిల్‌లో ఒక రాత్రి పిల్లలను తీరమునకు తీసికొనిపోవుటకు కళాశాలలు అనుమతించి, దానికి మార్కులు కేటాయింపవలెను.

“పరీక్ష ఇంగ్లీషులో వ్రాయవలసిన పిల్లలకు ఇంటి మాటలేల?” అని కొందరడుగుదురు. పరీక్ష ఏ భాషలో వ్రాసినను, చూడని వస్తువును గూర్చి వ్రాసిన వ్రాత కంఠపాఠమే. “పెద్దలు చెప్పునవన్నియు నిజములా?” అని మరికొందరడుగుదురు. కావు. ఏది నిజమో, ఏది కాదో పరీక్షించి తేల్చుటయే మా శాస్త్రము పని. కాని అడుగకయే త్రోసివేయుట శాస్త్రము కాదు, అహంకారము.

ఈ జూలైలో ఈ పద్ధతినే ఆరంభించితిని. ఆ విద్యార్థిని మూడు పుటలు వ్రాసి తెచ్చినది. సగము తెలుగులిపిలో, తప్పుల తడకగా నున్నది. ఆమె బడిలో తెలుగు చదువలేదు. తాత చెప్పిన మాటలు ఆ మాటలతోనే ఉండవలెనని లిపి నేర్చుకొని వ్రాసినదట. చివరి పంక్తి ఒక ప్రశ్న: తాబేలును మా నాన్న కూలియు రెండును నిలుచు దారి కలదా? తాబేలు తప్పించుకొని పోవుటకు ట్రాలు వలలకు అమర్చు పరికరము ఒకటి కలదు. దానివలన కొంత చేప పోవునని మత్స్యకారుల భయము. ఈ సెమిస్టరంతయు మా తరగతి ఆ పరికరమును, ఆ భయమును గూర్చియే విచారింపనున్నది.

ప్రవాసాంధ్ర కుటుంబములవారికి నా మనవి ఒక్కటే. దసరా సెలవులకు మీ పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు మార్కులెన్ని అని మాత్రమే అడుగకుడు. పెరటి చెట్టు పేరేమో, తాతకు దానిని గూర్చి ఏమి తెలియునో వారిచేత వ్రాయింపుడు. ఆ కాగితమును మాయొద్దకు పంపుడు. పాఠము అచ్చటనుండి మొదలుపెట్టెదము.