జనరేటర్ ఉన్నా చీకటేనా?

సోమశిలలో వేసవి సాయంత్రం గాలివాన లేస్తే ముందు పోయేది కరెంటు. నది ఒడ్డున గదుల నిండా పిల్లాజెల్లలతో యాత్రికులు. లక్షలు పోసి కొన్న జనరేటర్ మీట నొక్కితే ‘టక్ టక్’ మని ఊరుకుంటుంది. చాలాసార్లు తప్పు ఇంజిన్‌ది కాదు, దాన్ని లేపే బ్యాటరీది.

కొల్లాపూర్ నుంచి కొత్తది తెప్పించేస్తే సరిపోతుందా? అన్నిసార్లూ సరిపోదు. కారు బ్యాటరీ కారు తిరిగినప్పుడల్లా నిండుతుంది. జనరేటర్‌ది వారాల తరబడి ఖాళీగా కూర్చుంటుంది. ప్యానెల్ మాత్రం రాత్రింబవళ్లు దాన్ని కొంచెం కొంచెం పీలుస్తూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చే చార్జర్ ఫ్యూజు పోతే ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ కూడా కొన్నాళ్లకే చతికిలబడుతుంది.

అందుకే కొనేముందు మల్టీమీటర్‌తో మూడు కొలతలు చూడండి. లెక్క 12 వోల్టుల బ్యాటరీకి. రెండు కలిపిన 24 వోల్టుల సెట్టయితే రెట్టింపు.

ఒకటి: చార్జర్ ఆపిన కొన్ని గంటలకు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12కి దిగితే దాదాపు ఖాళీ.

రెండు: స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. నిండా చార్జయినా దిగిందంటే బ్యాటరీ పనైపోయినట్టే. వోల్టేజీ దిగలేదు, మోటారూ తిరగలేదు అంటే టెర్మినళ్లు, ఎర్త్ కేబుల్, సోలినాయిడ్ చూడాలి. తెల్లటి పొడి పేరుకుంటే వంటసోడా నీళ్లతో, అవి లోపలికి పోకుండా కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించండి.

మూడు: కరెంటు ఉండి చార్జర్ పనిచేస్తుంటే 13.2 నుంచి 13.8 దాకా చూపాలి. 12.6 దగ్గరే ఉంటే దొంగ దొరికినట్టే. 15 దాటితే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి.

నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కృష్ణ నీళ్లు మొక్కులకు మంచివే, బ్యాటరీకి కాదు. బోరు నీళ్లు అసలే వద్దు.

కేబుళ్ల మీద చెయ్యి వేసేముందు సెట్టును ఆటోలోంచి తీసి ఆఫ్‌లో పెట్టండి. లేకుంటే కరెంటు పోగానే అదే లేస్తుంది. చార్జర్ కూడా ఆపండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. బ్యాటరీ వదిలే హైడ్రోజన్ మండే వాయువు, దగ్గర్లో బీడీ వెలగకూడదు.

నెలకోసారి ఈ మూడు అంకెలూ షెడ్డు గోడ మీద రాసిపెట్టండి. అంకె జారడం మొదలైతే పట్టపగలే తెలిసిపోతుంది. శివరాత్రి జనం మధ్య, చీకట్లో తెలుసుకునే పని తప్పుతుంది.