రన్ అవుతున్న కంటైనర్‌లో కంపోజర్ కొట్టే అలవాటు మానండి

2022 ఏప్రిల్ 4న బాపట్ల కొత్త జిల్లా అయ్యింది. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఈ మూడు ఊళ్లకీ డెలివరీ ఇచ్చే షాపు వెబ్‌సైట్ ఒకటి ఉందనుకోండి. జిల్లాల లిస్టు సొంత పీహెచ్‌పీ ప్యాకేజీలో ఉంటుంది. ఎవరో రన్ అవుతున్న కంటైనర్‌లోకి వెళ్లి 'కంపోజర్ అప్‌డేట్' కొట్టారు. రేపల్లె బాపట్ల జిల్లాలో కనిపించింది, అందరూ హ్యాపీ. కొన్నాళ్లకి పాత ఇమేజ్‌తోనే కొత్త కంటైనర్ పెడితే రేపల్లె మళ్లీ గుంటూరు జిల్లాకి! అడ్రస్ తప్పు పడితే తిట్లు తినేది డెలివరీ కుర్రాడు.

రీస్టార్ట్ చేస్తే మార్పు పోదు. కంటైనర్ డిలీట్ చేస్తే మాత్రం అందులో రాసిందంతా పోతుంది. అలాగని వెండర్ ఫోల్డర్‌ని వాల్యూమ్‌లో పెట్టడం కూడా నాకు నచ్చదు. ఇమేజ్ మార్చినా వాల్యూమ్‌లోని పాత కోడే నడుస్తూ ఉంటుంది.

నా లెక్కలో పద్ధతి ఇదీ: సొంత ప్యాకేజీని గిట్‌లో పెట్టి వెర్షన్ ట్యాగ్ ఇవ్వండి. దాన్ని కంపోజర్ జేసన్‌లో రిపోజిటరీగా చూపించండి. అప్‌డేట్ మీ సిస్టమ్‌లో చేసి, లాక్ ఫైల్‌ని కూడా గిట్‌లోకి ఎక్కించండి. ఇమేజ్ బిల్డ్‌లో 'కంపోజర్ ఇన్‌స్టాల్' మాత్రమే రన్ అవ్వాలి. అది లాక్‌లో ఉన్న వెర్షన్లనే తెస్తుంది. వర్డ్‌ప్రెస్ అఫీషియల్ ఇమేజ్‌లో కంపోజర్ రాదు, కాబట్టి దాన్ని కంపోజర్ ఇమేజ్ నుంచి కాపీ చేసుకోవాలి.

చిన్న సైట్‌కి ఇంత అవసరమా అంటారేమో. చిన్న సైట్‌కే ఎక్కువ అవసరం. చేసిన అబ్బాయి రేపు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాళ్లు గిట్ ఒక్కటి చూసి సైట్‌ని మళ్లీ నిలబెట్టగలగాలి.