జిమ్నీ స్టీరింగ్ వణుకుతోందా? డ్యాంపర్ కొనే ముందు ఇది చూడండి

థార్‌కి లేనిది, జిమ్నీకి ఉన్నది ముందు రిజిడ్ యాక్సిల్. రాళ్లలో దాని బలం అదే. కానీ చక్రాల దగ్గర నకిల్స్‌లో ఉండే కింగ్‌పిన్ బేరింగులు అరిగితే, స్పీడ్‌లో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లో వణికిపోతుంది.

చాలామంది వెంటనే హెవీ డ్యూటీ స్టీరింగ్ డ్యాంపర్ వేయించేస్తారు. నన్నడిగితే అది కప్పు కారుతుంటే కింద బకెట్ పెట్టడమే. వణుకు తగ్గుతుంది, లోపల అరుగుదల ఆగదు.

ముందు టైర్ బ్యాలెన్సింగ్ చేయించండి. తగ్గలేదా? చక్రాన్ని జాక్ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఒకరిని బ్రేక్ తొక్కి ఉంచమనండి. అప్పుడు లూజు పోతే వీల్ బేరింగ్, పోకపోతే చాలావరకు కింగ్‌పిన్. పక్కకు రెండు చొప్పున నాలుగు బేరింగులూ, నకిల్ సీల్స్‌తో సహా మార్చేయండి. సీల్ చిరిగి ఉంటే వాగు దాటినప్పుడల్లా బురదనీళ్లు లోపలికే. పాత సీల్‌తో కొత్త బేరింగ్ వేస్తే డబ్బు దండగ.

ఇక గసెట్లు వెల్డ్ చేయించడం. కంపెనీ 195/80 ఆర్15 టైర్లతో వికారాబాద్ మట్టిదారుల్లో తిరిగేవాళ్లకు అక్కర్లేదు. పెద్ద టైర్లు వేసి బండరాళ్లు ఎక్కించేవాళ్లకైతే లైట్ బార్ కంటే ముందు ఇదే కావాలి. అయితే ఒకేచోట పొడవుగా వెల్డింగ్ లాగితే వేడికి హౌసింగే వంగుతుంది. చిన్న చిన్న టాకాలు, అటొకటి ఇటొకటి వేయాలి. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా వెల్డింగ్ మొదలెట్టే షాపైతే బండి వెనక్కి తెచ్చేసుకోండి.